వానలు వెలిశాక చెన్నై: తిరుపతి నుంచి వెళ్లి చూసిన సంగతులు

తిరుపతిలో ఎవరితోనైనా చెన్నై వెళ్తున్నామని అంటే ముందు వచ్చే ప్రశ్న "ఎవరికి బాగాలేదు?" అనే. ఆస్పత్రి కాకపోతే విమానం, అదీ కాకపోతే టీ నగర్‌లో పెళ్లి చీరలు. ఈ మూడూ లేకుండా ఊరు చూడడానికే వెళ్తున్నామంటే మా వీధిలో నమ్మినవాళ్లు తక్కువ. నాలుగు గంటల్లోపు చేరగలిగే సముద్రతీర రాజధానిని మనం ఇలా పనులకే వాడుకోవడం నాకు ఎప్పటినుంచో మింగుడుపడని విషయం. అందుకే జనవరి మొదట్లో, సంక్రాంతి రద్దీ అందుకోకముందే, నేనూ మా ఆవిడా మా అత్తగారూ బయలుదేరాం.

చెన్నైలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. నవంబరులో వెళ్తే తుపాను హెచ్చరికలు, ఏప్రిల్ దాటాక వెళ్తే ఉక్కపోత. జనవరిలో మాత్రం మధ్యాహ్నం కూడా ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది, పొద్దున నడిస్తే చెమట పట్టదు. దారి కోసమైనా ఈ నెలే మంచిది. పుత్తూరు, నగరి కొండలు ఇంత పచ్చగా మళ్లీ కనిపించవు. మన వైపు కురిసిన వాన నగరి ఏటిలోంచి కుశస్థలికి చేరి, పూండి జలాశయం మీదుగా చెన్నై కుళాయిల్లోకి వెళ్తుంది. అది చాలదని 1983 ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి కాలువ తవ్వి కృష్ణా నీళ్లు కూడా ఇస్తున్నాం. 1996లో అవి తొలిసారి సరిహద్దు దాటాయి. ఇన్ని నీళ్లిచ్చిన హక్కుతోనైనా ఊరంతా తిరిగి చూడొచ్చు కదా అన్నది నా వాదన.

బస్సా, రైలా అంటే రైలే. బస్సులు చాలావరకు ఉత్తర కొసన ఉన్న మాధవరంలో దించుతాయి. అక్కడి నుంచి మైలాపూర్‌కు ఒక ఆటో అతను అడిగిన డబ్బు, తిరుపతి నుంచి మాధవరం దాకా ఒక మనిషికి అయిన బస్సు టికెట్ కంటే ఎక్కువ. ఆంధ్రలో ఆడవాళ్లకున్న ఉచిత ప్రయాణం సరిహద్దు దాటే బస్సులకు వర్తించదు కూడా. రైల్లో వెళ్తే సెంట్రల్‌లో దిగిన చోటే కింద మెట్రో ఉంది. పక్కనున్న పార్క్ టౌన్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే నేరుగా మైలాపూర్. ఊళ్లోకి వెళ్లాక గులాబీ రంగు పూసిన టౌన్ బస్సుల్లో మా ఆవిడకూ అత్తగారికీ టికెట్ అడగలేదు, నాకొక్కడికే కొట్టారు. ఆ ఆనందం వాళ్లకు తిరిగివచ్చేదాకా తగ్గలేదు.

బస విషయంలో కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే వానలు వెలిసిన కొత్తలో చెన్నై లాడ్జి గదులకు వాటి జబ్బులు వాటికుంటాయి. పోల్చి చూద్దామని కావాలనే ఒక రాత్రి సెంట్రల్ దగ్గరలో, మిగతా రోజులు మైలాపూర్‌లో ఉన్నాం. సెంట్రల్ దగ్గరి గది అద్దె తక్కువే. కానీ గోడలకు నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకే కొత్త రంగు వేసి ఉంది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది. దుప్పట్లు ఉతికినవే గానీ ఆరలేదు, దోమలు మాత్రం రాత్రంతా శ్రద్ధగా పనిచేశాయి. మైలాపూర్‌లో తీసుకున్న గదికి దాదాపు రెట్టింపు ఇచ్చాం. మూడో అంతస్తు, రెండు వైపులా కిటికీలు, కిటికీలకు దోమతెరలు. మీరు ఎక్కడ దిగినా సరే, డబ్బు కట్టకముందే గది చూపించమనండి, పై అంతస్తు అడగండి, స్నానాలగది తలుపు తీసి వాసన చూడండి. ఫోనులో కనిపించే ఫొటోలన్నీ ఎండాకాలంలో తీసినవే.

చూడదగ్గవాటిలో నా మొదటి స్థానం ఎగ్మూరు మ్యూజియంకే. 1851 నాటి సంస్థ. కృష్ణ ఒడ్డు నుంచి తరలివచ్చిన అమరావతి శిల్పాలు ఇక్కడ ఒక గదినిండా ఉన్నాయి. వెలుతురు చాలదు, పలకల మీద రాసింది చదవాలంటే వంగాలి, అయినా ఆ సున్నపురాతి పలకల ముందు ఒక పూట గడిచిపోతుంది. కంచు విగ్రహాల విభాగంలో తిరువాలంగాడు నటరాజును తప్పక చూడండి. ఆ తిరువాలంగాడు మన రైలు అరక్కోణం తరవాత దాటివచ్చే చిన్న స్టేషన్.

కోట ఇంకో రకం. సెయింట్ జార్జి కోటలోనే సచివాలయం, శాసనసభ ఉన్నాయి కనుక లోపలికి వెళ్లాలంటే గుర్తింపు కార్డు, సంచుల తనిఖీ తప్పవు. 1639లో దామెర్ల నాయకుల నుంచి ఇంగ్లీషు కంపెనీ ఈ ఇసుకనేల పొందింది. మన చంద్రగిరి రాజు శ్రీరంగరాయలు 1645లో ఆ దానాన్ని ఖాయం చేశాడు. ఇది చెప్పగానే మా అత్తగారు, "అయితే నాయనా, మన రాజు ఇచ్చిన చోటికి మనల్నే ఆధార్ అడగడమేమిటి?" అన్నారు. కాపలా పోలీసుకు తెలుగు వచ్చినట్టుంది, నవ్వి పంపించాడు. లోపలి మ్యూజియంలో 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జెండాను భద్రపరిచారు. 1680 నాటి సెయింట్ మేరీ చర్చి పక్కనే ఉంది. ఇక్కడి మ్యూజియం, ఎగ్మూరు మ్యూజియం రెండూ శుక్రవారం మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి.

మైలాపూర్‌లో కపాలీశ్వరుడి కోనేరు ఈ నెలలో నిండుగా ఉంటుంది. చుట్టూ వీధులు మాత్రం మెట్రో తవ్వకాల రేకులతో ఇరుకైపోయాయి, ఆటో కంటే నడకే వేగం. దగ్గర్లో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన బులుసు సాంబమూర్తి గారి ఇంటి చోటు అది. ఆయన త్యాగం లేకపోతే మన రాష్ట్రమే లేదు, అయినా చెన్నై వెళ్లే తెలుగువాళ్లలో అక్కడికి వెళ్లినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. తిరువల్లిక్కేణి పార్థసారథి గుడిలో ధనుర్మాసపు రద్దీ అన్నారు గానీ, తిరుమల కంపార్టుమెంట్లలో కూర్చున్నవాళ్లకు అది రద్దీ కింద లెక్క కాదు. మీసాల స్వామిని తృప్తిగా చూశాం. అత్తగారికి మాత్రం వీటన్నిటికంటే ఇక్కడి సంగీత సభల కచేరీలు నచ్చాయి. డిసెంబరు మధ్యలో మొదలైన సంగీతం జనవరి మొదట్లో కూడా కొన్నిచోట్ల సాగుతుంది. మధ్యాహ్నపు కచేరీలకు చాలాచోట్ల టికెట్ ఉండదు, పాడేవి ఎక్కువగా త్యాగయ్య తెలుగు కీర్తనలే.

సముద్రానికి మెరీనా కంటే బెసంట్ నగర్ తీరం మేలు. మెరీనాలో ఇసుక విశాలమే గానీ నీళ్లలోకి దిగనివ్వరు. అలల లాగుడు చూస్తే వాళ్లు చెప్పేది నిజమే. అక్కడి లైట్‌హౌస్ పైకి లిఫ్టు ఉంది, సోమవారం సెలవు. పొట్లాల్లో అమ్మే శనగ గుగ్గిళ్లలో మామిడి తురుము, కొబ్బరి బాగానే పడతాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. స్వచ్ఛంద విద్యార్థులు రాత్రిపూట తీరం వెంట నడుస్తూ ఆ గుడ్లు సేకరించి కాపాడతారు. ఫ్లెమింగోల కోసమైతే అంతదూరం అక్కర్లేదు, సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ మన జిల్లాలోదే.

తిరుగు టికెట్ మాత్రం వెళ్లకముందే తీసుకోండి. కొండకు వచ్చే భక్తులతో తిరుపతి రైళ్లు నిండిపోతాయి. సెంట్రల్‌లో మా పక్క బెంచీ మీద కూర్చున్న కుటుంబం, మాది తిరుపతేనని తెలియగానే, దర్శనానికి ఏదైనా దారి చూపించమని అరక్కోణం దాకా వదల్లేదు.