నెమలి పించమా, టర్కీ ఈకా, కుందేలు బొచ్చా: ట్రౌట్ నింఫ్‌కు ఏది మేలు?

తిరుపతి చుట్టుపక్కల ఏ చెరువులోనూ ట్రౌట్ బతకదు. నీరు 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడే చేప అది. అయినా ఇక్కడి నుంచి ఢిల్లీ రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో హిమాచల్ ప్రదేశ్‌లోని ఔట్ దాకా వెళ్లి, తీర్థన్ లోయలో గాలం వేసి వచ్చేవారు నాకు తెలిసినవారిలోనే కొందరున్నారు. వారిప్పుడు ఫ్లైలు, అంటే గాలానికి ఈకలో బొచ్చో చుట్టి పురుగులా చేసిన ఎరలు, కొనడం మాని ఇంట్లోనే కట్టుకుంటున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: నింఫ్‌ను దేనితో కట్టాలి?

నింఫ్ అంటే మేఫ్లై లాంటి పురుగులు రెక్కలు రాకముందు నీటి అడుగున రాళ్ల మధ్య గడిపే దశ. దానిలా కనిపించేలా కట్టిన ఫ్లైనీ నింఫ్ అనే అంటారు. ట్రౌట్ తినే తిండిలో ఎక్కువ భాగం నీటిపైన కాదు, నీటిలోపలే దొరుకుతుంది. అందుకే పైన తేలే ఫ్లై కంటే మునిగే నింఫ్‌కే చేప ఎక్కువగా పడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బాలో సగానికి పైగా టర్కీ ఈక, రాగి తీగ నింఫ్‌లే ఉండాలి. కుందేలు బొచ్చుది రెండో స్థానం. నెమలి పించం అన్నిటికన్నా చివర. పించమే సులభంగా దొరికే ఊళ్లో ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు.

పించం మీద మోజు ఎందుకో నాకు అర్థమవుతుంది. కన్నుకు కాస్త కింద ఉండే పోగులు తీసి గాలం కాడకు చుట్టితే, పచ్చగా రాగిరంగుగా మెరిసే ఒళ్లు నిమిషంలో తయారవుతుంది. పోగు అంచున ఉండే సన్నని నూగు నీటిలో కదిలి పురుగుకు ప్రాణం ఉన్నట్టు చూపిస్తుంది. కానీ ఆ పోగు చాలా పెళుసు. ట్రౌట్ నోట్లో పళ్లుంటాయి. ఒకటి రెండు చేపలకే పోగు తెగి చుట్టంతా ఊడిపోతుంది. దీనికి మందు ఉంది: మూడు పోగుల్ని దారంతో కలిపి తాడులా పేని ఒక దిక్కుకు చుట్టాలి, దానిపై రాగి తీగను ఎదురు దిక్కుకు చుట్టాలి. అప్పుడు ప్రతి పోగునూ తీగ అడ్డంగా పట్టి ఉంచుతుంది. అలా కట్టినా అసలు లోపం పోదు. పించం ఒళ్లు ఎప్పుడూ బొద్దుగానే వస్తుంది. రాళ్లను పట్టుకొని పాకే స్టోన్‌ఫ్లై పిల్లకు అది సరిపోతుంది కానీ, సన్నగా చురుగ్గా ఈదే మేఫ్లై నింఫ్‌కు సరిపోదు.

ఇంకో మాట. గుడి వీధుల్లో అమ్మేవన్నీ రాలిన ఈకలే అనుకోకండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నెమలిని చంపడం నేరం. తనంతట తాను రాలిన ఈక మొదలు శుభ్రంగా ఉంటుంది, పీకిన ఈక మొదట్లో నెత్తుటి జాడ ఉంటుంది. మొదలు కత్తిరించిన ఈకను నేను ముట్టుకోను. వానాకాలం జత కట్టే రోజులు ముగిశాక మగనెమలి తోక రాలుస్తుంది. పొలాల్లో ఏరుకోవాలంటే అదే సమయం.

ఇక టర్కీ ఈక సంగతి. ఈ నింఫ్‌కు మూలం ఇంగ్లండ్ దక్షిణాన ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టిన ఫెజెంట్ టెయిల్. ఆయన దారమే వాడలేదు. సన్నని రాగి తీగ, ఫెజెంట్ పక్షి తోక పోగులు, ఆ రెండే. తీగే బరువు, తీగే కట్టు. పోగుల కొసలు తోకగా నిలుస్తాయి. మిగిలిన పొడవును తీగతో కలిపి మెలిపెట్టి ఒంటిగా చుట్టాలి. ఛాతీ దగ్గర తీగతోనే చిన్న గూని తెచ్చి, పోగుల్ని దానిపై ముందుకూ వెనక్కూ మడిస్తే రెక్కల మూత తయారవుతుంది. కాళ్లు పెట్టరు. ఈదే నింఫ్ కాళ్లను ఒంటికి దగ్గరగా పెట్టుకుంటుందని సాయర్ గంటల తరబడి నీటిలోకి చూసి గమనించాడు. నన్ను ఆకట్టుకునేది ఈ చూపే. పురుగుకు ఉన్నవన్నీ అతికించడం కాదు, చేపకు కనిపించే పరిమాణం, ఆకారం, కదలిక మాత్రమే కట్టాడు.

మనకు ఫెజెంట్ దొరకదు. పెంపకం టర్కీ కోడి తోక ఈక దానికి దగ్గరి బదులు. తెల్ల టర్కీది కాకుండా గోధుమ, నలుపు కలిసిన రంగు కోడిది అడగండి. రాగి తీగకు మోటారు వైండింగ్ దుకాణం చాలు. కాలిన పాత కాయిల్ విప్పుతూ కూర్చోకండి, వార్నిష్‌తో గట్టిపడి విరిగిపోతుంది. కొత్త రీలులో మిగిలిన ముక్క ఇమ్మనండి. సీలింగ్ ఫ్యాన్‌కు వాడే తీగ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 12, 14 నంబరు గాలాలకు బాగుంటుంది (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది). 16కు, అంతకన్నా చిన్న గాలాలకు ఇంకా సన్ననిది కావాలి.

కొత్తవారికి కుందేలు బొచ్చు నింఫే మొదటి పాఠమని చాలామంది చెబుతారు. ఎలా కట్టినా చేప పడుతుంది, గజిబిజిగా ఉంటే ఇంకా బాగా పడుతుంది అన్నది వారి వాదన. అది నిజమే, కానీ అందుకే నేను దానిని మొదట నేర్పను. చుట్టు వదులైనా, తల లావైనా బొచ్చు అన్నీ కప్పేస్తుంది, చేయి కుదురుకోదు. సాయర్ నింఫ్‌లో ఒక్క చుట్టు ఎక్కువైనా కంటికి కనబడుతుంది.

బొచ్చు విషయంలోనూ చట్టం గుర్తుండాలి. శేషాచలం అడవుల్లో తిరిగే చెవులపిల్లిని పట్టడం నేరం. పెంపకం కుందేలు ఒంటి బొచ్చు మరీ మెత్తన, దానితో కడితే నున్నని ఉండ వస్తుంది. చెవుల మీద, ముఖం మీద ఉండే పొట్టి బిరుసు వెంట్రుకల్ని దానిలో కలిపి దారంపై పేనితేనే అసలు రూపం వస్తుంది. కట్టాక పాత చెప్పుల వెల్‌క్రో ముక్కతో ఛాతీ దగ్గర రుద్దండి, వెంట్రుకలు లేచి కాళ్లలా నిలుస్తాయి. పైన చుట్టడానికి జరీ పోగు చక్కగా సరిపోతుంది.

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. నింఫ్ మునగడానికి దాని తల దగ్గర పూస ఎక్కిస్తారు. ఒకే పరిమాణంలో ఇత్తడి పూస కంటే టంగ్‌స్టన్ పూస రెట్టింపు పైన తూగుతుంది. నీటితో పోలిస్తే టంగ్‌స్టన్ 19 రెట్లు, సీసం 11 రెట్లు, రాగి, ఇత్తడి 9 రెట్లకు అటూ ఇటూ. సీసం నీటిపక్షులకు విషం, నేను వాడను. తీర్థన్ లాంటి రాళ్ల మీద దూకే నీటిలో రాగి తీగ ఒక్కటే చాలదు, నింఫ్ అడుగుకు చేరేలోపే కొట్టుకుపోతుంది. అక్కడికి 14 నంబరు గాలానికి 2.8 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఎక్కించి సాయర్ ఒళ్లే కట్టండి. నిదానంగా పారే నీటికి పూస వద్దు, తీగ బరువే సహజంగా దింపుతుంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచు కరిగి నీరు ఉద్ధృతంగా, కాస్త మసకగా ఉన్నప్పుడు వెళితే కుందేలు బొచ్చువి, నాలుగైదు పించానివి డబ్బాలో ఎక్కువ ఉంచండి. వానలు వెనకపట్టి నీరు తేటపడ్డాక వెళితే టర్కీ ఈక నింఫ్‌లే 14, 16 నంబర్లలో కట్టుకోండి. తేట నీటిలో ట్రౌట్‌కు నిదానంగా చూసే వీలుంటుంది, బొద్దు ఒంటిని అది దాటేస్తుంది.

మూడింటిలో ఏది కట్టినా గాలాన్ని వైస్‌లో (కట్టేటప్పుడు దాన్ని పట్టి ఉంచే బిగింపులో) బిగించకముందే, కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును శ్రావణంతో నొక్కేయండి. పట్టిన చేపను తక్కువ గాయంతో వదలవచ్చు, పూస కూడా సులభంగా ఎక్కుతుంది. నొక్కేటప్పుడు ఒక్కోసారి గాలం విరుగుతుంది. అదేదో ఉత్త గాలంగా ఉన్నప్పుడే విరగాలి గానీ అరగంట కూర్చొని కట్టాక కాదు.