గూన్ షో: పద్దెనిమిదేళ్లుగా వింటున్నాను

మొదటిసారి విన్నప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు. 2007 చలికాలం, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మాస్టర్స్ చేస్తున్నాను. వీధి చివర చారిటీ షాపులో రెండు క్యాసెట్ల పెట్టె కనిపిస్తే యాభై పెన్నీలిచ్చి తెచ్చుకున్నాను. ముగ్గురు మగాళ్లు గొంతులు చించుకుని అరుస్తున్నారు, మధ్యలో ఏదో పేలుతోంది, హాల్లో జనం పగలబడి నవ్వుతున్నారు, దేనికి నవ్వుతున్నారో నాకు అంతు పట్టలేదు. అదే వారం ఒక రాత్రి లైటు ఆర్పేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. అప్పుడు పట్టుబడింది. ఆ తర్వాత ఇప్పటిదాకా వదల్లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. 1951 మే నుంచి 1960 జనవరి దాకా బీబీసీ రేడియోలో పది సిరీస్‌లుగా వచ్చిన హాస్య కార్యక్రమం ఇది. స్పైక్ మిల్లిగన్, పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకూంబ్ ముఖ్యులు. మొదట్లో మైకేల్ బెంటీన్ కూడా ఉండేవాడు, రెండో సిరీస్ తర్వాత వెళ్లిపోయాడు. తొలి రోజుల్లో విడివిడి స్కెచ్‌లు, మధ్యమధ్య పాటలు. పోనుపోను అరగంటకు ఒకే కథగా మారింది. కథ అన్నానే గానీ అది కథలా నడవదు. నెడ్డీ సీగూన్ అనే అమాయకుణ్ణి ఇద్దరు మోసగాళ్లు ఏదో ఒక ఉచ్చులోకి దించుతారు, అక్కణ్ణుంచి ఇక అడ్డూ అదుపూ ఉండదు. ఒకదాంట్లో పియానోని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపితే అయిదు పౌండ్లు అన్నారని సంతకం పెడతాడు. తీరా చూస్తే ఒక గది ప్యారిస్‌లో, ఇంకోటి ఇంగ్లండ్‌లో. అది నెపోలియన్ పియానో. చివరికి దాని మీదే ఎక్కి ఇంగ్లిష్ ఛానెల్ దాటడానికి బయల్దేరతారు. ఇదే టీవీలో తీసుంటే ఒక అట్టపెట్టె పియానో, నీళ్ల తొట్టి కనిపించేవి. చెవిలో మాత్రం నిజంగానే సముద్రం, నిజంగానే పియానో.

ఈ షో బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం. మూడో సిరీస్ నుంచి కొన్నేళ్లు దీన్ని నిర్మించిన పీటర్ ఈటన్ రేడియో నాటక విభాగం నుంచి వచ్చిన మనిషి, అందుకే శబ్దాల విషయంలో రాజీ కనిపించదు. ఒకడు పరుగెత్తుకుంటూ వెళ్తాడు, అడుగుల చప్పుడు చిన్నదైపోతుంది, ఎక్కడో దూరాన ధడేల్‌మని ఏదో పడుతుంది, మళ్లీ అడుగులు దగ్గరికొస్తాయి. మాట ఒక్కటి ఉండదు, పడీపడీ నవ్వుతాం. ఒకసారి మిల్లిగన్ క్యాంటీన్‌లో కస్టర్డ్ చేయించుకుని, దాన్ని తన సాక్సులో పోసి గిరగిరా తిప్పి బల్లకేసి కొట్టి చూశాడట, తనకు కావలసిన చప్పుడు వస్తుందేమోనని. ఈ సంగతి చదివాక ఆ శబ్దాల్ని ఇంకా జాగ్రత్తగా వింటున్నాను.

నాకు ప్రాణంతో సమానమైన ఘట్టం ఒకటుంది, 1957 నాటి ఎపిసోడ్‌లోది. బ్లూబాటిల్ అని కీచుగొంతు కుర్రాడు, ఎకల్స్ అని మట్టిబుర్ర, ఇద్దరే ఉంటారు. టైమెంతైందని కుర్రాడు అడుగుతాడు. ఉండు, కాగితం మీద రాసిపెట్టుకున్నానంటాడు ఎకల్స్. పొద్దున ఒక పెద్దమనిషి రాసిచ్చాడట: ఎనిమిది గంటలు. ఎవరైనా అడిగినప్పుడు ఎనిమిది కాకపోతే ఏం చేస్తావు? అప్పుడు కాగితం చూపించను. మరి ఎనిమిదైందని నీకెలా తెలుస్తుంది? కాగితం మీద రాసుంది కదా! కుర్రాడు ముచ్చటపడిపోయి ఆ కాగితాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంటాడు. అది ఆడటం లేదు, ఆగిపోయింది! ఇంతే విషయం. సెల్లర్స్, మిల్లిగన్ ఇద్దరూ దీన్ని ఎంత నెమ్మదిగా, ఎంత నమ్మకంగా పలుకుతారంటే, ఒక్క క్షణం మనక్కూడా కాగితం ఆడాలి కదా అనిపిస్తుంది. పిల్లల తర్కానికి ఇంత దగ్గరగా వెళ్లిన హాస్యం నేను ఇంకెక్కడా వినలేదు. మా ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే ‘కాగితం ఆగిపోయిందా?’ అని అడగడం ఎప్పటినుంచో అలవాటు.

ఇక సెల్లర్స్ గురించి. నేరెళ్ల వేణుమాధవ్ గారి మిమిక్రీ వింటూ పెరిగిన ఇల్లు మాది, కాబట్టి గొంతులు మార్చడం అంటే ఏమిటో కాస్త తెలుసు. బ్లూబాటిల్, మేజర్ బ్లడ్‌నాక్, ముసలి హెన్రీ క్రన్, నాజూకు మోసగాడు గ్రిట్‌పైప్-థిన్, వీళ్లందరూ సెల్లర్సే. ఒకే సీనులో ఇద్దరు ముగ్గురుగా మాట్లాడుతున్నా ఎక్కడా అతుకు కనపడదు. బ్లూబాటిల్ తన స్క్రిప్టులో బ్రాకెట్లలో ఉన్న సూచనల్ని కూడా పైకి చదివేస్తాడు, ఎడమవైపు కదులుతాడు, చప్పట్ల కోసం ఆగుతాడు అని. ఎపిసోడ్ చివర ఎలాగూ పేలిపోతాడు, పేలిపోయి మరీ తనను చంపేశారని ఫిర్యాదు చేస్తాడు. మొదటి ఏడాది ఈ ఊతపదాలు ప్రతిసారీ వస్తున్నాయని విసుగొచ్చింది. ఇప్పుడు వాటి కోసమే ఎదురుచూస్తాను.

2016లో నాన్న ఒంగోలు నుంచి వచ్చి మూడు నెలలు మా దగ్గరున్నారు. విజయవాడ ఆకాశవాణి నాటకాలు రేడియోకి చెవి ఆనించి విన్న తరం ఆయనది. ఇంగ్లిష్ బాగా వచ్చు గానీ ఈ వేగం అందదేమోనని నాకు కొంచెం టెన్షన్. అయినా ఒక ఎపిసోడ్ పెట్టాను. హెన్రీ క్రన్, మిన్నీ బానిస్టర్ ముసలి జంట వచ్చింది. ఒకాయన వచ్చి తన పేరు చెబితే, క్రన్ రాసుకోవాలి. పెన్సిల్ కనపడదు. వెతికి, గొణిగి, పేరు మళ్లీ అడిగి, సగం రాసి, ఏమన్నారూ అని మళ్లీ అడిగి... పై గదిలోంచి మిన్నీ కేకేస్తుంది, ఈయన దానికి జవాబు చెప్పి రాసేదేదో మర్చిపోతాడు. నాన్న కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ‘మన తాలూకా ఆఫీసులో గుమాస్తా అచ్చం ఇంతేరా’ అన్నారు. ఆ పూట అదే ముక్క మూడుసార్లు పెట్టించుకున్నారు.

నవ్వు రానివి కూడా ఉన్నాయి, దాచను. లల్కాకా, బెనర్జీ అని ఇద్దరు భారతీయ పాత్రలు అప్పుడప్పుడు వస్తారు. సెల్లర్స్, మిల్లిగన్ మన యాసను సాగదీసి మాట్లాడతారు. ఆ యాసే జోకు, ఇంకేం లేదు. ఇక్కడ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నా ఉచ్చారణను ఒక మీటింగులో ఒకాయన సరిగ్గా ఇలాగే అనుకరించాడు, అందుకని అవి వచ్చినప్పుడు ఇప్పటికీ నొప్పిగానే ఉంటుంది. షోలో పాటలు పాడే నల్లజాతి గాయకుడు రే ఎలింగ్టన్ రంగు మీద వేసిన జోకులూ అంతే. కాలం అలాంటిది అని సరిపెట్టుకోవడం నావల్ల కాదు.

కానీ అదే షోలో మేజర్ బ్లడ్‌నాక్ ఉన్నాడు. ఇండియాలో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారి. పిరికివాడు, దొంగ, లంచగొండి, కూర తిన్నాక కడుపు పట్టుకుని మూలిగేవాడు. ఆ కడుపు శబ్దం కోసం బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ (కొత్త కొత్త శబ్దాలు తయారుచేసే విభాగం) ప్రత్యేకంగా పనిచేసింది! మిల్లిగన్ పుట్టింది 1918లో అహ్మద్‌నగర్‌లో, తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగి, చిన్నతనం పుణేలో, రంగూన్‌లో గడిచింది. ఆ దొరల కంటోన్మెంటు డాబుని లోపలినుంచి చూసినవాడు కాబట్టే బ్లడ్‌నాక్‌ని అంత నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడాడు. ఈ రెండూ ఒకే మనిషి రాసినవే, నేను రెండింటినీ గుర్తుపెట్టుకునే వింటాను.

ఆ మనిషి, అంటే మిల్లిగన్, పడిన బాధ తెలిశాక వినడమే మారిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో గాయపడి మానసికంగా దెబ్బతిన్నాడు. ఈ షోకి వారం వారం స్క్రిప్టు ఇవ్వాలి, చాలా సిరీస్‌లలో పాతిక ఎపిసోడ్లకు తక్కువ లేవు. 1952 చివర్లో కుప్పకూలి ఆసుపత్రి పాలయ్యాడు. ల్యారీ స్టీఫెన్స్, ఎరిక్ సైక్స్ రచనలో తోడుపడ్డారు. బాంబులు, ఫిరంగులు, మూర్ఖపు ఆఫీసర్లు ప్రతి ఎపిసోడ్‌లో ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. ఒక ఎపిసోడ్‌లో ఇంగ్లండ్‌లోని బెక్స్‌హిల్ తీరంలో బ్లాకౌట్ (యుద్ధంలో శత్రువుకి కనపడకుండా దీపాలన్నీ ఆర్పేయడం) చీకట్లో ముసలివాళ్ల మీద ఎవరో బ్యాటర్ పుడ్డింగ్ (మైదా, గుడ్లు, పాలు కలిపి ఓవెన్‌లో పొంగించేది) విసురుతుంటారు. అగ్గిపుల్ల గీస్తే జర్మన్లు చూస్తారంటే సీగూన్ నమ్మడు, గీసి చూపిస్తాడు, వెంటనే గుండు వచ్చి పడుతుంది. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లే, 1954. ఆ హాల్లో నవ్వుతున్నవాళ్లలో ఎంతమంది నిజంగా ఆ చీకట్లో కూర్చుని ఉంటారో అని ప్రతిసారీ అనుకుంటాను.

మధ్యలో వచ్చే రెండు పాటల్ని మొదట్లో ముందుకు జరిపేసేవాణ్ణి. అది తప్పు. మ్యాక్స్ గెల్‌డ్రే మౌతార్గాన్, రే ఎలింగ్టన్ బృందం పాట, ఈ రెండూ ఊపిరి తీసుకోవడానికి. అవి లేకుండా వింటే ఇరవై నిమిషాలకే తల వాచిపోతుంది. ఒకచోట కొన్న సీడీల సెట్టులో పాటలన్నీ కత్తిరించేశారు, ఆ డబ్బులు దండగ. కొనేముందు చూసుకోండి.

మొదటి మూడు సిరీస్‌ల రికార్డింగులు దాదాపు ఏవీ మిగల్లేదు, వాటి కోసం వెతక్కండి. అయిదో సిరీస్ (1954-55) నుంచి ఎనిమిదో దాకా బంగారం. పుడ్డింగ్ ఎపిసోడ్‌తో మొదలుపెట్టి పియానోది వినండి, ఆ తర్వాత కాగితం ఉన్నది. 1972లో అందరూ మళ్లీ కలిసి చేసిన చివరి షోని మాత్రం కనీసం ముప్పై ఎపిసోడ్లు విన్నాకే ముట్టుకోండి, ఆ గొంతుల మీద మనకు ప్రేమ పుట్టకపోతే దాంట్లో ఏమీ ఉండదు. వంట చేస్తూనో బండి నడుపుతూనో వద్దు. అరగంట ఖాళీ చేసుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోండి, నచ్చకపోతే వారం ఆగి అదే ఎపిసోడ్ ఇంకొక్కసారి వినండి.