రమ్మీ వ్యసనానికి పన్నెండు వారాల చికిత్స: వెంట వెళ్లిన అన్నగా నా సమీక్ష

హైదరాబాదులో జూదం, వీడియో ఆటలు, ఫోను వంటి ప్రవర్తనా వ్యసనాలకు ప్రత్యేకంగా వైద్యం చేసే ఒక ప్రైవేటు కేంద్రంలో మా తమ్ముడు పన్నెండు వారాల చికిత్స పూర్తి చేశాడు. ప్రతి శనివారం నేను వెంట వెళ్లాను, ఫీజు కట్టాను, కుటుంబ సభ్యులను కూర్చోబెట్టి మాట్లాడిన నాలుగు సమావేశాల్లోనూ ఉన్నాను. పేరు రాస్తే తమ్ముణ్ణి గుర్తుపట్టగల బంధువులు ఉన్నారు కనుక కేంద్రం పేరు ఇవ్వడం లేదు. ఇలాంటి చోటికి వెళ్లాలా, ఇంట్లోనే గట్టిగా మందలిస్తే సరిపోతుందా అని తేల్చుకోలేక నెలలు గడుపుతున్న కుటుంబాలకు అక్కడ నిజంగా ఏం జరుగుతుందో తెలియాలని ఇది రాస్తున్నాను.

తమ్ముడిది ఆన్‌లైన్ రమ్మీ. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో దీన్ని నిషేధించినా, ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే కిటుకులతో అతను ఆడుతూనే వచ్చాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక, యాప్ ఆగిపోయిన వారానికే ఒక ఏజెంటు ద్వారా విదేశీ బెట్టింగ్ సైటుకు మారాడు. నిషేధం అవసరమే, కొత్తవాళ్లు ఈ ఊబిలో పడకుండా అది కాపాడుతుంది; కానీ అప్పటికే మునిగినవాడికి దారి మూసినంత మాత్రాన కోరిక చావదని మా ఇంట్లోనే చూశాను. అంతకుముందు రెండుసార్లు మేము అతని అప్పులు తీర్చాం, మొదటిసారి నా చీటీ పాడిన డబ్బుతో, రెండోసారి అమ్మ గాజులు తాకట్టు పెట్టి. రెండుసార్లూ దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకున్నాం.

మొదటి రోజు సైకియాట్రిస్టు గంటకు పైగా సమయం ఇచ్చారు. అతన్ని 'మీరు' అని సంబోధించారు; చాలాకాలంగా ఇంట్లో అందరం తిట్టడానికే నోరు విప్పుతున్న మనిషితో అలా మాట్లాడడం చూసి నాకు సిగ్గేసింది. పార్కిన్సన్స్ వ్యాధికి గానీ, రాత్రిళ్లు కాళ్లు లాగే జబ్బుకు గానీ మందులు వాడుతున్నారా అని అడిగారు, ఎందుకంటే వాటిలో కొన్ని మందులు కొందరిలో జూదపు కోరికను రేపుతాయట. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని కూడా నేరుగా అడిగారు. తమ్ముడు వచ్చిందన్నాడు. అదే గదిలో కూర్చున్న నాకు ఆ సంగతి ఆ క్షణం దాకా తెలియదు. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఆ మొదటి రోజు ఫీజుకు విలువ ఉందని నేను నమ్ముతున్నాను.

మన పేరు మీద ఉన్న అప్పులన్నీ చూపించే క్రెడిట్ రిపోర్టును వచ్చే వారం తెచ్చుకోమన్నారు. ఏడాదికొకసారి అది ఉచితంగా దొరుకుతుందని కూడా మాకు వాళ్లే చెప్పారు. తమ్ముడు మాతో చెప్పిన అప్పు నాలుగు లక్షలు, కాగితం మీద తేలింది ఏడు లక్షలకు పైనే. దాచడం ఈ వ్యసనపు లక్షణాల్లో ఒకటని, అతని మొత్తం స్వభావానికి దాన్ని కొలతగా తీసుకోవద్దని సైకాలజిస్టు మేడమ్ మాకు నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. అమెరికా మానసిక వైద్యులు 2013లో ప్రచురించిన నిర్ధారణ గ్రంథంలో జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన చేర్చారు. అందులోని తొమ్మిది లక్షణాల్లో ఏడాది కాలంలో నాలుగు కనిపిస్తే జబ్బుగా లెక్కిస్తారు. తమ్ముడికి ఏడు ఉన్నాయి.

అతనికి మొదట్లో పెద్ద అడ్డంకి 'ఇది నైపుణ్యపు ఆట' అన్న వాదన. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అతనికి కంఠతా వచ్చు. మేడమ్ దాన్ని ఖండించలేదు. ఆట ఏ రకమో కోర్టు తేల్చింది, ఆడేవాడు ఆపగలడా లేడా అన్న ప్రశ్న కోర్టు ముందుకు రాలేదు అన్నారు. తరువాత మూడు వారాల పాటు ఒక్కో రాత్రినీ కాగితం మీద పెట్టించారు. 'ఒక్క ముక్క పడితే షో కొట్టేవాణ్ణి', అంటే ఆట గెలిచేవాణ్ణి, అన్న మాట దాదాపు ప్రతి రాత్రి లెక్కలోనూ వచ్చింది. గెలుపుకు స్పందించే మెదడు భాగాలే అందీ అందని ఓటమికీ స్పందిస్తాయని, అందుకే అలా ఓడినప్పుడు లేవాలనిపించదని ఆమె వివరించారు. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు పావురం మీటను ఆగకుండా పొడుస్తూనే ఉంటుందని చూపిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాల గురించి విన్న తరువాత తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

నా దృష్టిలో ఈ కేంద్రం చేసిన అసలు వైద్యం కుటుంబ సమావేశాల్లో జరిగింది. అప్పు తీర్చమని ఇంటివాళ్ల మీద ఆధారపడడం పైన చెప్పిన తొమ్మిది లక్షణాల్లో ఒకటని, తీర్చిన ప్రతిసారీ మేము అతనికి కొత్త ఆటకు చోటు కల్పించామని విన్నప్పుడు అమ్మ ఏడ్చింది. ఒట్లు మానేయమన్నారు, ఎందుకంటే ఒట్టు తప్పిన మనిషి దాన్ని దాచుకోవడానికి మరో అబద్ధం ఆడక తప్పదు. వాటికి బదులు, అతని ఒప్పుకోలుతోనే, జీతం మరదలి చేతిలో ఉండే ఖాతాకు మళ్లింది, యూపీఐ రోజువారీ పరిమితి బాగా తగ్గింది, రెండో సిమ్ము పోయింది. పాత అప్పులు అతని జీతంలోంచే నెలనెలా తీరేలా ఒక పట్టిక తయారైంది. కోరిక పుట్టే వేళల్నీ గుర్తించారు: జీతం పడిన రోజు, భార్య నిద్రపోయాక పదకొండు దాటిన సమయం. కోరిక అలలా లేచి కాసేపటికి దానంతటదే తగ్గుతుందని, ఆ కాసేపు గడపడమే నేర్చుకోవాలని చెప్పి, ఆ వేళకు మేడ మీద నడవడం, నాకు ఫోను చేయడం అలవాటు చేశారు. 'అన్నయ్యా, ఏం లేదు, ఊరికే చేశాను' అని అతను అర్ధరాత్రి చేసే ఫోనుకు అర్థం ఇప్పుడు నాకు తెలుసు.

ఏడో వారంలో అతను మళ్లీ ఆడాడు, స్నేహితుడి దగ్గర తీసుకున్న మూడు వేలతో. మేము చికిత్స విఫలమైందనుకుని కోపంతో వెళ్లాం. వాళ్లు కోప్పడలేదు, తేలిగ్గా వదిలేయనూ లేదు. ఆ రోజు పొద్దున్న నుంచి ఏం జరిగిందో గంట గంటకూ రాయించి, స్నేహితుణ్ణి అప్పు అడిగిన ఘడియలోనే జారడం మొదలైందని అతని చేతనే చెప్పించారు. ఆ స్నేహితుడికి విషయం తానే చెప్పడం అతని ఆ వారపు ఇంటిపని. ఆడిన సంగతి తనంతట తానే మాతో చెప్పడం అదే మొదటిసారి.

లోపాలు ఉన్నాయి, వాటినీ చెప్పాలి. ఇంట్లో నింపమని ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. మరదలు తెలుగు మీడియంలో చదివింది, అమ్మకు ఇంగ్లిషు రాదు, కనుక ప్రతి కాగితాన్నీ నేనే తెలుగులో తిరగరాశాను. కుటుంబంతోనే పని జరగాలనే చోట ఇది చిన్న లోపం కాదు. లోన్ యాప్‌ల వాళ్లు ఆఫీసుకు ఫోన్లు చేసి పరువు తీస్తున్నప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పే మనిషి అక్కడ లేడు. ఇచ్చిన సమయానికి లోపలికి పిలిచిన వారం ఒక్కటీ లేదు. ఒక్కో సమావేశానికి 1,800 రూపాయలు మా వంటివాళ్లకు భారమే. మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నా, మా పాలసీ ఆసుపత్రిలో చేరితే తప్ప ఇవ్వదు కనుక ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు.

ఆ ఖర్చు భరించలేనివారికి ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోను, ఆటల వ్యసనం కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. చనిపోవాలన్న మాట ఇంట్లో వినిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తమ్ముడు ఆడక ఇప్పటికి అయిదు నెలలు. పట్టిక ప్రకారం ఇంకా రెండున్నరేళ్ల అప్పు ఉంది, అమ్మ గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. వాటిని నేను విడిపిస్తానంటే అమ్మే వద్దంది, వాడి జీతంలోంచే రానివ్వమంది. ఇప్పుడు నెలకొకసారి వెళ్లి వస్తున్నాం. కిందటిసారి నాకు వీలు పడకపోతే అతనే మరదలిని తీసుకుని వెళ్లాడు.