ఫిట్స్ ఉన్న మా కాటుకకు దొరికిన బోర్డింగ్: నాలుగేళ్ల తర్వాత

మా కాటుక లాబ్రడార్. రెండున్నరేళ్ల వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. అప్పటినుంచీ పొద్దున 7కి, రాత్రి 7కి ఫిట్స్ రాకుండా వేసే ఫినోబార్బిటాల్ మాత్ర తప్పదు. నెల్లూరు వెళ్లాల్సి వస్తే చాలు, బెంగళూరులో దీన్నెవరు చూసుకుంటారన్న దిగులే ముందు.

మొదట వదిలిన బోర్డింగ్‌లో, అంటే మనం ఊరెళ్తే కుక్కల్ని ఉంచుకుని చూసుకునే చోట, ఈతకొలను, ఏసీ, ఫోన్‌లో చూసుకునే కెమెరా అన్నీ ఉన్నాయి. రాత్రి మనిషి మాత్రం లేడు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్, ఒకదాని వెంట ఒకటి. కెమెరాలో చూసి నేనే ఫోన్ చేసి లేపాను. తర్వాత దుప్పటి మడతల్లో రెండు మాత్రలు దొరికాయి, తడిసి మెత్తబడి. అన్నంలో కలిపి పెట్టారట. ఇది అన్నం తిని మాత్ర ఉమ్మేసింది. ఈ మందు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి.

ఆ తర్వాత నుంచి హొరమావులో ఒకావిడ ఇంట్లోనే వదులుతున్నాను. మూడు కుక్కలకు మించి తీసుకోరు. కాటుక పడక ఆవిడ మంచం పక్కనే. ఫిట్స్ ఎక్కువగా నిద్రలోనో, ఊరికే పడుకున్నప్పుడో వస్తాయి కాబట్టి నేను మొదట అడిగేది అదే: రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు? మాత్ర ఇడ్లీ ముక్కలో పెట్టి, మింగాక నోరు తెరిచి చూసి, "వేశానమ్మా" అని మెసేజ్ పెడతారు.

అక్కడ రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఒకసారి వాళ్లబ్బాయి వీడియో తీశాడు. ఆవిడ కుర్చీలు జరిపేసి, ఫ్యాను వేసి, దాని నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వకుండా పైకే సెకన్లు లెక్కపెడుతున్నారు. 110 దగ్గర ఆగింది. 5 నిమిషాలు దాటితే ముక్కులో ఫిట్స్ ఆపే మందు మిడజోలామ్ కొట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, 24 గంటల్లో రెండోసారి వచ్చినా తీసుకెళ్లాలి. మా డాక్టరు రాసిచ్చిన ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. లేచాక కాటుక చాలాసేపు గోడలకు తగులుకుంటూ తిరిగింది. ఆ మత్తులో ఎవరినీ గుర్తుపట్టదు, కరిచినా కరుస్తుంది. అందుకే మిగతా కుక్కల్ని వేరే గదిలో పెట్టారు.

ఇంకొకటి. చాలాచోట్ల గోమార్ల మాత్ర వేయించుకొస్తేనే చేర్చుకుంటారు. గోమార్లకు వేసే ఫ్లూరలానర్ రకం మాత్రలతో కొన్ని కుక్కలకు ఫిట్స్ రావచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. మా డాక్టరు చీటీ చూపిస్తే ఈవిడ వేరే మందుకు ఒప్పుకున్నారు.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఫినోబార్బిటాల్ వేస్తే ఆకలి, దాహం విపరీతం. ఆవిడకు జాలెక్కువ, అడిగినప్పుడల్లా పెట్టేస్తారు. పోయిన సంక్రాంతికి పది రోజులుంచితే కిలో పెరిగి వచ్చింది. ఈసారి తిండి పూటకింత అని కొలిచి, పొట్లాలు కట్టి ఇస్తున్నాను.