కాస్కేడ్ హాప్స్: రెండేళ్ళ వాడకం తర్వాత

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను ఇష్టంగా తాగిన బీరు సియెర్రా నెవాడా పేల్ ఏల్. 1980లో చికో పట్టణంలో మొదలైన ఆ బీరు వాసనంతా కాస్కేడ్ అనే హాప్ రకానిది (హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలు); ఆ రకం 1972లో అమెరికాలోని ఆరెగన్ పరిశోధన క్షేత్రం నుంచి రైతులకు అందింది. అమలాపురం దగ్గరున్న మా ఊరికి తిరిగి వచ్చేసిన తర్వాత కూడా ఆ వాసన మీద మనసు పోలేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన రాష్ట్రంలో నేరం కనుక, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), ఈస్టు (పులియబెట్టేది) జోలికి పోకుండా, ఎండిన పూలను పొడిచేసి ఒత్తిన కాస్కేడ్ గుళికలను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ కషాయంలో సోడా కలిపి రెండేళ్ళుగా తాగుతున్నాను.

ఈ హాప్ వాసనను అమెరికన్లు గ్రేప్‌ఫ్రూట్‌తో పోలుస్తారు. కోనసీమవారికి అంతకంటే దగ్గరి పోలిక ఉంది: పంపరపనస తొక్కను గోటితో గీరినప్పుడు చేతికి అంటుకునే వాసన, దాని వెనక సన్నగా పూల పరిమళం. చేదు మాత్రం ఆ బీరులో ఉన్నంత రాదు, ఎందుకంటే హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు బాగా మరిగితేనే చేదుగా మారి నీటిలో కరుగుతాయి. మరిగిస్తేనేమో వాసన ఆవిరైపోతుంది. మాల్టు తీపి లేని పానీయానికి ఆ తక్కువ చేదే సరిపోయింది.

నేను స్థిరపడిన పద్ధతి ఇది. లీటరు నీటిని మరిగించి, 80 డిగ్రీలకు చల్లారనిచ్చి, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4 కంటే దిగేవరకు నిమ్మరసం పిండి, 6 గ్రాముల గుళికలు వేసి, పావుగంట తర్వాత పలుచని గుడ్డలోనూ, ఆపైన కాఫీ ఫిల్టరు కాగితంలోనూ వడకట్టి ఫ్రిజ్‌లో పెడతాను. తాగేటప్పుడు అంతే సోడా కలుపుతాను. నిమ్మరసం మానేసిన రోజుల్లో పచ్చి ఆకు నమిలినట్టు నాలుక మీద వగరు మిగిలిపోయింది. నాలుగు రోజులు దాటితే వాసన తగ్గిపోతుంది కనుక ఎక్కువ చేసి దాచుకోవడంలో ప్రయోజనం లేదు.

నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రానికి దగ్గరున్న మా బోరు నీటిలో ఉప్పదనం ఉంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అది మరీ తెలుస్తుంది. ఆ నీటితో చేసిన మొదటి మూడు సార్లూ పారబోశాను. ఆర్వో నీటికి మారాకే హాప్ అసలు రుచి తెలిసింది.

గుళికలకు అసలు శత్రువులు మన ఎండ, గాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక ప్యాకెట్ గాలి చొరబడి ఉబ్బి వచ్చింది. విప్పగానే పాతబడిన చీజు కంపు కొట్టింది. ఒక తుఫానుకు రెండు రోజులు కరెంటు లేక ఫ్రీజరు కరిగినప్పుడు మాత్రం, సీలు తీయని ప్యాకెట్లకు ఏమీ కాలేదు, విప్పినది పాడైపోయింది. అందుకే ధర కాస్త ఎక్కువ పడినా ఇప్పుడు 50 గ్రాముల ప్యాకెట్లే కొంటున్నాను.

ఇంకొకటి, వడకట్టిన పిప్పిని పెంటకుప్ప మీద వేయకండి. హాప్స్ తిన్న కుక్కలకు జ్వరం వచ్చినట్టు ఒళ్ళు విపరీతంగా వేడెక్కి ప్రాణం మీదికి వస్తుంది. నేను కొబ్బరిచెట్టు మొదట్లో లోతుగా గొయ్యి తీసి పూడుస్తున్నాను.