అట్టముక్కలేగా అనుకున్నా, పియానో వెనక్కి తిప్పేదాకా

నింటెండో తన స్విచ్ గేమ్ కన్సోల్‌తో ఆడుకోడానికి అట్టతో బొమ్మలు కట్టుకునే లాబో కిట్లు తెచ్చినప్పుడు, అట్టముక్కలకి 70 డాలర్లా అని 2018లో నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా. ఇప్పుడు ఎవరైనా నింటెండో లాబో ఫ్లాప్ అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది, దానికి కారణం ఒక్కటే, పియానో.

మేం కొన్నది వెరైటీ కిట్ అనే లాబో కిట్, అందులో మిగతా బొమ్మలన్నీ పక్కన పెట్టండి. పియానో కట్టడానికి నాకూ మా అమ్మాయికీ ఆదివారం మొత్తం పట్టింది, తీరా చూస్తే ఒక మీట ఎంత నొక్కినా పలకట్లేదు. లోపల వైరేమైనా ఊడిందేమో చూద్దామని వెనక్కి తిప్పా, వైరెక్కడిది నా మొహం, ఉన్నదంతా అట్టేగా! అప్పుడు తనే కనిపెట్టింది. మీట నొక్కితే దాని వెనక కొస పైకి లేస్తోంది, దాని మీదున్న మెరిసే స్టిక్కర్‌ని కుడి జాయ్-కాన్ (స్విచ్ కంట్రోలర్)లోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూసి ఏ మీటో పోల్చుకుంటోంది. నేనేమో ఆ ఒక్క మీటకి స్టిక్కర్ అంటించడం మర్చిపోయా, షీట్ మీదే ఉండిపోయింది. అంటించగానే పలికింది. అప్పట్నుంచీ ఇంటికెవరొచ్చినా పియానో వాయించి చూపించేది కాదు, వెనక్కి తిప్పి చూపించేది.

రోజూ వాయిస్తున్నాం అని అప్పట్లో అందరికీ చెప్పుకున్నా గానీ అది రెండు నెలల ముచ్చటే, 13 మీటల మీద ఎంతకాలమని వాయిస్తాం. తర్వాత మంచం కిందకి కుక్కింది నేనే, అట్ట వంగిపోయి మీటలు నొక్కితే లోపలే ఉండిపోతున్నాయి.

అమ్మకాలంటారా, 2018 జూన్ ఆఖరుకి మొదటి రెండు కిట్లూ కలిపి 13.9 లక్షలు పోయాయి, అప్పటికి స్విచ్‌లు దాదాపు 1.97 కోట్లు. అంటే పద్నాలుగు స్విచ్‌లకి ఒక కిట్. 2019 ఏప్రిల్‌లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కిట్ వచ్చాక ఇంకోటి రాలేదు. హిట్ కాదు, ఒప్పుకుంటా. నాకు అనిపించేదేంటంటే, దీన్లో అసలు మజా కట్టడంలో ఉంది, కట్టేశాక ఆడటానికి పెద్దగా ఏం లేదు, ఒకసారి కట్టినవాడు మళ్ళీ ఎందుకు కొంటాడు (మేమూ రెండోది కొనలేదు లెండి).

మా ఇంట్లో స్విచ్ ముందే ఉంది, మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, మడతలు పెట్టే ఓపిక నాకన్నా తనకే ఎక్కువ. దీనికోసమే స్విచ్ కొనమంటే మాత్రం చెప్పలేను. పాత కిట్ ఎక్కడైనా దొరికితే అట్ట సంగతి తర్వాత, ముందు స్టిక్కర్ షీట్ పూర్తిగా ఉందో లేదో చూసుకోండి.