అరకు సంతలో టీ పొడి బేరం, మూడు రోజుల ట్రిప్పు కబుర్లు

మొన్న జనవరిలో నేనూ మా బావమరిదీ అరకు వెళ్లొచ్చాం. వాడికి అనకాపల్లి దగ్గర ఓ పల్లెలో కిరాణా కొట్టుంది, వ్యూ పాయింట్లంటే కదలడు గానీ సంత అంటే మాత్రం సంచి పట్టుకుని ముందే రెడీ. విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం, అద్దాల పైకప్పుండే విస్టాడోమ్ పెట్టెలో సీట్లు దొరకలేదు, మామూలు పెట్టెలోనే కిటికీ పట్టుకుంటే సొరంగాలూ లోయలూ అన్నీ కనిపిస్తాయి, అదనపు డబ్బులు పెట్టలేదని మాకైతే బాధేం అనిపించలేదు.

మొదటి రాత్రి లాడ్జి. రోజుకి 2,200. ఫొటోల్లో లోయ కనిపించే బాల్కనీ, ఇక్కడికొచ్చాక చూస్తే జనరేటర్ కనిపించే బాల్కనీ. వేడినీళ్లు ఇరవై నాలుగ్గంటలూ అని రాశారు, వచ్చింది ఒక్క బకెట్. బోర్డు మీద 'కాఫీ తోటల నడుమ' అని ఉంది కదా అని కాఫీ అడిగితే ఇన్‌స్టెంట్ పొడి కలిపి తెచ్చాడు, టీ అడిగితే గోరువెచ్చటి పాలల్లో ఒక సంచీ వేలాడేసి నలభై రూపాయలు బిల్లేశాడు. రెండో రాత్రి అక్కడ ఉండలేదు.

సంత మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పొద్దున ఎనిమిదికల్లా ఊళ్లనుంచి జీపుల్లో, ఆటోల్లో, నడిచి కూడా దిగుతుంటారు. ఆడవాళ్లు కొండ చీపుర్లు, అడ్డాకులు, పసుపు, చింతపండు తెచ్చి అమ్ముకుంటారు, ఆ డబ్బుతో అక్కడికక్కడే ఉప్పు, ఎండు చేపలు, ఉల్లిపాయలు, పంచదార, టీ పొడి కొనుక్కుని మధ్యాహ్నానికి మళ్లీ కొండెక్కేస్తారు. వారానికి సరిపడా టీ పొడి అంటే ఎంతో కాదు, షాంపూ ప్యాకెట్లలాగ దండగా వేలాడదీసిన అయిదూ పది రూపాయల ప్యాకెట్లు నాలుగైదు చింపించుకోవడం, లేదా గోనె మీద కుప్ప పోసిన లూజు పొడి యాభయ్యో వందో గ్రాములు పొట్లం కట్టించుకోవడం. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. 2019లో ఇక్కడి అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అయినా కాఫీ గింజ కొండ దిగి వెళ్లిపోతుంది, టీ పొడేమో ఎక్కడినుంచో కొండెక్కి వస్తుంది. నాకిది వింతగా ఉంటే మా వాడికి అస్సలు లేదు. 'బావా, కాఫీ అంటే గింజ వేయించాలి, దంచాలి, ఫిల్టర్ కావాలి, పాలు కావాలి. టీకి గిన్నె, నీళ్లు, చిటికెడు పొడి చాలు' అన్నాడు.

లూజు పొడి అమ్మేవాళ్లలో ఒకాయన స్టవ్ మీద నీళ్లు మరిగించి వచ్చినవాళ్లకి ఊరికే రుచి చూపిస్తున్నాడు, 'రంగు చూడమ్మా, రంగు చూడు' అంటూ. ఇది కొత్త ఎత్తేం కాదు. టీ ప్రచారానికని సెస్, అంటే ప్రత్యేక పన్ను, వసూలు చేసే చట్టం 1903లోనే వచ్చింది, ఆ డబ్బు ముందు విదేశీ మార్కెట్ల మీద పెట్టారు, 1930ల్లో ఎగుమతులు దెబ్బతిని సరుకు మిగిలిపోయేసరికి ఆ ప్రచారం చేసేవాళ్లు మన ఊళ్ల మీద పడ్డారు, బండ్లేసుకుని తిరుగుతూ సంతల్లో జనానికి ఉచితంగా టీ పోసి అలవాటు చేశారు. ఆ రోజుల్లోనే సీటీసీ మిషన్లూ వచ్చాయి, ఆకుని నలిపి చీల్చి గుండ్రటి పలుకులు చేసే పద్ధతన్నమాట, దాంతో కొంచెం పొడికే ముదురు రంగు దిగుతుంది. అందులో సన్న రకం డస్టయితే కిలోకి ఇంకా ఎక్కువ కప్పులు. మన దక్షిణాదిలో పల్లెల్లో డస్టే ఎక్కువ నడవడానికి అదే లెక్క అని నా అభిప్రాయం.

మా వాడికి ఆ రంగు మీదే అనుమానమొచ్చింది. వంద గ్రాములు కొని, లాడ్జికొచ్చి టిష్యూ కాగితం మీద చిటికెడు చల్లి నీళ్లు చిలకరించాడు, రెండు నిమిషాల్లో ఎర్రటి మరకలు పాకాయి. మంచి పొడయితే చల్లనీళ్లకి అంత తొందరగా రంగు వదలదు, టీలో రంగు కలపడానికి చట్టం ఒప్పుకోదు కూడా. ఆ పొట్లం అక్కడే పారేశాం. 'ప్యాకెట్ సరుకు మీద నాకు మిగిలేది పైసల్లోనే, లూజు మీదయితే బాగా మిగుల్తుంది, కానీ రేపు ఎవడైనా వచ్చి అడిగితే కొట్టు కూడా నాదే కదా' అన్నాడు. నిజం చెప్పాలంటే సంతలో అందరూ అలాంటివాళ్లే అనడానికి లేదు, ఇంకోచోట కొన్నది మరక పడలేదు.

రెండో రాత్రి పాడేరు వెళ్లే దారిలో ఒక పల్లెలో హోమ్ స్టేలో ఉన్నాం, మనిషికి 700, రాత్రి భోజనం కలిపి. పరుపు పల్చన, బాత్రూం ఇంటి బయట, చలికి పళ్లు కొట్టుకున్నాయి, అయినా అక్కడికే మళ్లీ వెళ్తాను. తెల్లారి ఇంటి ముసలమ్మ పొయ్యి మీద నల్ల టీ పెట్టి ఇచ్చింది, పంచదార దండిగా, అల్లం దంచి. ఇంటి ముందు ఆవు కట్టేసి ఉంది కదా అని పాలు లేవా అమ్మా అని నోరుజారి అడిగాను. 'పాలు దూడవి గదా బాబూ' అంది, అంతే, ఇంకో మాట లేదు. వాళ్ల ఇంట్లో పొద్దున కడుపు నింపేది అంబలే, టీ అన్నది చుట్టం వచ్చినప్పుడూ పనికి పోయే ముందూ. ఇంట్లోవాళ్లకి ఒక ప్యాకెట్ ఎన్నిరోజులొస్తుందని అడిగితే కోడలు నవ్వింది, 'మీరొచ్చారు కదా, ఇవాళే అయిపోద్ది' అని.

తిరిగొచ్చేటప్పుడు గిరిజన కార్పొరేషన్ వాళ్ల స్టాల్లో మా అత్తగారికి కాఫీ పొడి, తేనె కొన్నాం, ధర రాసినంతే తీసుకున్నారు, బిల్లిచ్చారు. బస్టాండ్ పక్క టీ బండిలో పది రూపాయల గ్లాసు లాడ్జి నలభై రూపాయల టీ కంటే ఎన్నో రెట్లు నయం.

వెళ్లేవాళ్లకి ఒకటి, ఏ ఊళ్లో సంత ఏ వారమో ముందే కనుక్కోండి, చిల్లర నోట్లు పెట్టుకోండి, సిగ్నల్ లేక మా ఫోన్ పే రెండుసార్లు మొరాయించింది, నాలుగు చీపుర్లు కొన్న డబ్బుకి మా వాడు పక్కాయన దగ్గర అప్పు చేయాల్సొచ్చింది.